రేకు మీద నీడ పడకూడదు

విన్నిపెగ్‌లో చలికాలం సూర్యుడు బద్ధకంగా లేస్తాడు. సరోజనకు ఆ భోగం లేదు. చీకటితోనే లేచి కుక్కర్ పెట్టి, కూతురు మృదులకు జడ వేసి, పై వాటాలో ఉండే కనకదుర్గ ఆంటీ దగ్గర పిల్లను దింపి, రెండు బస్సులు మారి, ఊరి చివర ఉన్న రేకుల ఫ్యాక్టరీకి చేరేది. భర్త శంకర్ లారీ నడుపుతాడు. వారంలో ఎక్కువ రోజులు కాల్గరీ దారిలోనే ఉంటాడు. కరీంనగర్‌లో ఉన్నప్పుడు సరోజన కాలేజీలో లెక్కలు చెప్పేది. ఇక్కడ ఇనుప రేకుల మధ్య అట్టముక్కలు దోపుతోంది. అందుకు ఆమె పెద్దగా బాధపడింది లేదు. రేకు కాపీ కొట్టదు, ఎదురు ప్రశ్న వేయదు.

ఆ ఫ్యాక్టరీలో పని చూడ్డానికి తేలిక. ఏనుగంత బరువుండే రేకు చుట్టను ఒక చివర విప్పుతారు. ఎన్నాళ్ళుగానో చుట్టుకుని ఉన్న రేకు ఆ వంకర అంత సులభంగా వదలదు కాబట్టి, ముందు లెవెలర్ అనే రోలర్ల వరసలోకి తోలి అప్పడంలా సాపు చేస్తారు. తర్వాత స్లిట్టర్. అందులో గుండ్రటి కత్తులు తిరుగుతూ రేకును నిలువునా పట్టీలుగా చీలుస్తాయి. పట్టీలన్నీ ఒక లోతైన గుంటలోకి ఊయలల్లా వేలాడి, పైకి లేచి, అవతలి చివర మళ్ళీ చుట్టలవుతాయి. రేకు మధ్యలో కాస్త మందం, అంచుల్లో కాస్త పలచన. అందుకని అంచు పట్టీలు సరిగా బిగవక వదులుగా వేలాడతాయి. వదులైన పట్టీ చుట్టుకునేచోట అట్టముక్క దోపితే అది బిగుస్తుంది. దోపడం అంటే, తిరుగుతున్న చుట్ట నోట్లోకి ముక్కను సరిగ్గా ఆ క్షణానికి అందించి చెయ్యి వెనక్కి తీసుకోవడం. సరోజన చెయ్యి అందులో బాగా కుదిరింది.

అక్కడ లోపలికి వెళ్ళాలంటే ఇనుప బొటనవేలు బూట్లుండాలి, కళ్ళద్దాలుండాలి, గ్లవ్స్ ఉండాలి, నీడ ఉండాలి. ఎందుకంటే మెరుస్తున్న రేకు మీద మనిషి నీడ పడితే రేకు దాన్ని పట్టుకుపోతుంది. పోయిన నీడ లెవెలర్ కింద సాపై, కత్తుల కింద పట్టీలై, చుట్టలో చుట్టుకుపోతుంది. చుట్ట కొనుక్కున్నవాళ్ళకు నష్టమేమీ లేదు. ఎవరింట్లోనో వేడిగాలి గొట్టం కాస్త నల్లగా కనిపిస్తుంది, అంతే. నష్టం పోగొట్టుకున్నవాడికి. అందుకే నీడ పడిన మరుక్షణం "షాడో" అని గట్టిగా అరవాలని అక్కడి ఆనవాయితీ. లైను ఆపేస్తారు, పై చుట్లు కత్తిరించి నేల మీద పరుస్తారు. నీడ ఇంకా పచ్చిగా ఉండగానే వెళ్ళి దాని పాదాల మీద నిలబడితే అతుక్కుంటుంది. ఆరిపోయిందా, ఇక మళ్ళీ మొలిచేదాకా ఇంట్లో కూర్చోవాలి.

నీడ లేనివాణ్ణి లైను దగ్గరికి రానివ్వకపోవడానికి కారణముంది. చుట్ట ముందు రెండు పసుపు స్తంభాలున్నాయి. వాటి మధ్య కంటికి కనపడని వెలుగు తెర. చెయ్యి హద్దు దాటి లోపలికి పోతే, ఆ తెర మీద నీడ పడి మెషిన్ ఆగిపోతుంది. నీడ లేని చెయ్యి తెరకు కనపడదు.

సరోజన నీడ పోయింది ఒక మంచి ఎండ పొద్దున. దక్షిణం వైపు షట్టర్ లారీ కోసం పైకి లేచింది. బయట మంచు మీద పడి రెట్టింపైన వెలుతురు లోపలికి దూసుకొచ్చింది. రేకు అంచు మీద గీతలున్నాయేమో చూద్దామని సరోజన అటు వంగింది. అంతే. తడిసిన మేజోడు లాగితే పాదం చల్లబడినట్టు మడమల దగ్గర చల్లబడింది. చూస్తే తన నీడ రేకు మీద సాగిపోతోంది. తల ముందు, జడ వెనక. అరవాల్సిన మాట నోటిదాకా వచ్చింది. కానీ లైను ఆగితే లెవెలర్ రోలర్ల అచ్చు రేకు మీద అడ్డంగా పడుతుంది. అంత మేర చెత్తకు పోతుంది. ఆ రోజు తొందర ఆర్డరు. తనేమో ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఇంతా ఆలోచించేసరికి నీడ కత్తుల కిందకి పోయింది. జడ ఒక పట్టీలోకి, భుజం ఒక పట్టీలోకి పోయి, గుంటలో వేలాడి, చుట్టలో చుట్టుకుని కనుమరుగయ్యింది. ఎవరూ చూడలేదు.

"ప్రొబేషన్ అయ్యేదాకా సెలవు పెట్టొద్దు, పెడితే తీసేస్తాం" అని సూపర్‌వైజర్ బ్రెంట్ ముందే చెప్పాడు. ఉద్యోగం పోతే వర్క్ పర్మిట్ పోతుంది. పర్మిట్ పోతే, ఇక్కడే స్థిరపడనిచ్చే పీఆర్ మాటే లేదు. నీడ మొలవడానికి గోరు పెరిగినంత నిదానంగా వారాలు పడుతుంది. చెబితే ఉద్యోగం, చెప్పకపోతే చెయ్యి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చెప్పకూడదనే నిర్ణయించుకుంది. ఆ సాయంత్రం నుంచి భయం ఆమె ఇంట్లో మనిషైపోయింది.

మొట్టమొదట కొళాయిలు ఆమెను మరిచిపోయాయి. ఫ్యాక్టరీ బాత్‌రూమ్‌లో కొళాయి కింద చేతులు పెడితే, వాటంతటవే రావాల్సిన నీళ్ళు రాలేదు. దుకాణాల తలుపులు ఆమె వస్తే తెరుచుకోవడం మానేశాయి. శనివారం కూరగాయలకు వెళ్ళినప్పుడు అద్దాల తలుపు ముందు నిలబడిపోతే, మృదుల రెండడుగులు ముందుకు వేసి తలుపు తెరిపించి, "ఇట్ డజంట్ సీ యూ, అమ్మా" అని ఊరుకుంది. పిల్లకు అందులో వింతేమీ కనపడలేదు. సరోజన ఆలోచన మాత్రం చుట్ట దగ్గరికి పోయింది. తలుపుకు కనపడకపోతే బయట నిలబడిపోతాం, తెరకు కనపడకపోతే ఏమవుతాం?

శంకర్‌కు ఫోన్‌లో చెప్పింది. అతను రెజైనా దాటి ఎక్కడో డీజిల్ పోయించుకుంటున్నాడు.

"రేపే చెప్పేయ్ సరోజా. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటం."

"ఇంకోటి దొరికేలోపు పర్మిట్ అయిపోతది. మళ్ళ మొదటి నుంచి అప్లై చేస్తవా?"

డీజిల్ పైపు తిరిగి తగిలించిన చప్పుడు వినిపించింది. జాగ్రత్త అని మాత్రం అన్నాడు. ఆ మాట అతనికి కూడా నమ్మకంగా అనిపించలేదని గొంతులోనే తెలిసింది. పెళ్ళైన కొత్తలో అత్తగారు, మా కోడలు తన నీడకే జడుసుకుంటుందని నలుగురిలో అనేది. ఇప్పుడు జడుసుకోవడానికి అదీ లేదు.

అసలు గండం పొద్దున గేటు దగ్గర. షిఫ్ట్ మొదలయ్యే ముందు అందరూ పెద్ద దీపం కింద నిలబడాలి. లైనుకు పెద్ద దిక్కైన ఆంజనేయులు నేల వైపు చూసుకుంటూ ఒక్కొక్కరినీ లోపలికి పంపేవాడు. ఆయనది రాజమండ్రి. ఆరడుగుల మనిషి. ఎండలోనైనా చలిలోనైనా తల మీద టోపీ తీయడు. ఈ ఫ్యాక్టరీలోకి వచ్చిన తొలి తెలుగువాడు ఆయనే. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ గుర్తులేనట్టు వారానికోసారి గుర్తుచేసేవాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. రిటైరైతే ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మాట మార్చి కత్తుల పదును గురించి మొదలెట్టేవాడు. గ్లవ్ చిరిగితే ఒప్పుకోడు, బూటు లేసు వదులైతే ఒప్పుకోడు. సరోజనకు బ్రెంట్ అంటే కాదు, ఈయనంటే హడల్.

అంత హడలున్న మనిషి పక్కకే వెళ్ళి నిలబడేది, పాపం. ఎందుకంటే అక్కడున్న వాళ్ళందరిలోకీ ఆయన నీడే పెద్దది. దాని మీద ఇంకో నీడ పడిందా లేదా అన్నది ఎవరికీ తెలియదని ఆమె లెక్క. దీపం కింద నిలబడ్డ ఆ కాస్సేపూ దొంగకు తేలు కుట్టినట్టు ఉండేది. ఆయన నేల వంక చూసేవాడు, ఆమె ముఖం వంక చూసేవాడు కాదు. "ఊఁ, పదండి" అనేవాడు. సరోజన ఊపిరి వదిలేది. వదిలిన ఊపిరి తెల్లటి పొగై గాల్లో నిలబడేది.

లోపల చుట్ట దగ్గర దినదినగండం. అట్టముక్కలు పొడుగ్గా కత్తిరించుకుంది, చెయ్యి దూరంగా ఉంటుందని. పొడుగు ముక్క వంగిపోయేది. కర్రతో దోపి చూసింది, కర్ర విరిగింది. ఒకరోజు మనసు ఆగక, మెషిన్ ఖాళీగా తిరుగుతుండగా చెయ్యి మెల్లగా తెర దాటించి చూసింది. స్తంభం మీద పచ్చ దీపం పచ్చగానే ఉంది. మోచేయి దాకా పోనిచ్చింది. పచ్చగానే ఉంది. చెయ్యి వెనక్కి లాక్కుని, గోడకు ఆనుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. అందరి చేతులూ కాపాడే ఆ తెరకు తన చెయ్యి ఒక్కటీ లెక్కలో లేదు.

ఇంటికెళ్ళాక కూతురికి అన్నం కలుపుతూ తన వేళ్ళు చూసుకునేది. కళ్ళు మూసుకుంటే పట్టీలు గుంటలో ఊగుతూ కనిపించేవి. పాదాల కింద రోజూ వెతుక్కునేది. మడమ దగ్గర మసక మరక ఏదైనా మొలకెత్తిందేమోనని. ఏమీ లేదు. ప్రొబేషన్ గడువు దగ్గరపడుతోంది. దగ్గరపడేకొద్దీ భయం తగ్గాల్సింది పోయి పెరిగింది. ఒడ్డు కనిపిస్తున్నప్పుడే కదా మునిగిపోతామన్న భయం ఎక్కువ.

ఆ మధ్యాహ్నం లైను మీద నడుస్తున్నది పలచటి రేకు. పలచటి రేకు పెంకి రేకు. టీ బ్రేక్ అయ్యాక అంచు పట్టీ ఒకటి గుంటలో ఎగిరెగిరి పడసాగింది. సరోజన అట్టముక్క దోపింది. చాలలేదు. ఇంకోటి దోపింది. ఆ తర్వాతది సగంలో మడత పడింది. దాన్ని సరిచేయడానికి వేళ్ళు కాస్త ముందుకు జరిగాయి. గ్లవ్ కొస పట్టీ కిందకి దూరింది. దాని మీద ఇంకో చుట్టు పడింది.

మొదట ఆమెకు తెలియలేదు. చెయ్యి వెనక్కి తీసుకోబోతే రాలేదు. అప్పుడు తెలిసింది. చుట్ట తిరుగుతోంది, తిరిగేకొద్దీ గ్లవ్‌ను లోపలికి తీసుకుంటోంది, గ్లవ్ లోపల చెయ్యి ఉంది. తెర దాటి మోచేయి పోయింది. పచ్చ దీపం పచ్చగానే ఉంది. ఎర్ర బటన్ ఎడమ చేతికి జానెడు దూరంలో ఉంది. ఆ జానెడు అందలేదు. అరిచింది. అందరి చెవుల్లోనూ ప్లగ్గులున్నాయి. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ క్షణంలో ఆమెకు పర్మిట్ గుర్తురాలేదు, పీఆర్ గుర్తురాలేదు. మృదులకు జడ ఎవరు వేస్తారన్న మాట ఒక్కటే గుర్తొచ్చింది.

ఆంజనేయులు అప్పుడు షట్టర్ దగ్గర, పూర్తయిన చుట్టల వెడల్పు కొలుస్తున్నాడు. ఎందుకు తలెత్తాడో ఆయనకే తెలియదు. చూశాడు. మధ్యలో గుంట ఉంది, చుట్టల వరసలున్నాయి. పరిగెత్తి చేరేలోపల అంతా అయిపోతుంది. ఆయన వెనక షట్టర్ సగం లేచి ఉంది. వాలిపోతున్న ఎండ ఆయన వీపు మీద పడుతోంది. ఆయన పరిగెత్తలేదు. పక్కకు రెండడుగులు వేసి, నిటారుగా నిలబడి, కుడిచెయ్యి పైకెత్తాడు.

ఆయన నీడ నేల మీద పొడుగ్గా సాగింది. గుంట దాటింది, చుట్టలు దాటింది, ఎత్తిన చెయ్యి పసుపు స్తంభాన్ని తాకింది. దీపం ఎర్రబడింది. మెషిన్ హోరు ఒక్కసారిగా దిగిపోయింది. పట్టీల బిగువు సడలిన ఆ లిప్తలో సరోజన చెయ్యి గ్లవ్‌లోంచి ఊడి వచ్చింది. ఖాళీ గ్లవ్ ఆగబోతున్న చుట్టతో పాటు ఇంకో చుట్టు తిరిగి పట్టీల మధ్య అప్పడమైంది. ఆ ఆఖరి చుట్టు తిరుగుతూ తిరుగుతూ, తన మీద పడిన ఆంజనేయులు నీడను కూడా చుట్టుకుంది.

"షాడో" అని అరిచాడు అవతలి చివర ఫోర్క్‌లిఫ్ట్ నడిపే డాంటే. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాడు. ఆ మాట తర్వాత చెయ్యాల్సిన పని అతనికి తెలుసు. పెద్ద కత్తెర తెచ్చి, పై చుట్లు కత్తిరించి, పట్టీలను వరస తప్పకుండా నేల మీద పక్కపక్కనే పరిచాడు. వాటి మీద ఆంజనేయులు నీడ తడితడిగా నల్లగా ఉంది. టోపీ, వెడల్పాటి భుజాలు, పైకెత్తిన చెయ్యి. పట్టీకీ పట్టీకీ మధ్య సన్నటి సందు.

సరోజన చెయ్యి పొట్టకు అదుముకుని కూలబడి ఉంది. రెండు గోళ్ళు నీలంగా అయ్యాయి. అంతకు మించి ఏమీ కాలేదు. ఆంజనేయులు రొప్పుతూ వచ్చి ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ ముట్టుకుని చూశాడు. తర్వాత పట్టీల వైపు చూపించాడు.

"లేచి దాని మీద నిలబడు."

సరోజనకు అర్థం కాలేదు. "అది మీది అంకుల్."

"నాదే. ఆరిపోతోంది, తొందరగా ఎక్కు."

ఆమె కదల్లేదు. డాంటే వాళ్ళిద్దరినీ చూసి, వచ్చే లారీ సంగతి చూసుకోవాలన్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

"మీకు ముందే తెలుసా?" అంది సరోజన.

"మొదటి రోజే తెలుసు. దీపం కింద ఇద్దరం నిలబడితే కింద నేనొక్కణ్ణే ఉన్నా. చెబితే నీ ఉద్యోగం పోద్దని నోరు మూసుకున్నా. మంచి చేస్తున్నా అనుకున్నాను. ఇవాళ నీ చెయ్యి పోయుంటే అది నేను చేసిందే."

"మీకు మళ్ళ మొలుస్తదా?"

"నా వయసులో ఎవరికీ మొలవలేదు."

"అయితే నేనెక్కను."

ఆంజనేయులు గొంతు తగ్గించాడు. "చూడమ్మాయ్. నాకు మొలవకపోతే ఇంటికి పోతాను. నీకు మొలిచే లోపల నీకు చెయ్యి ఉండదు. బ్రెంట్ వస్తున్నాడు. ఎక్కు."

ఎక్కడానికి సరోజనకు ధైర్యం చాలలేదు, ఎక్కకుండా ఉండడానికీ చాలలేదు. కాళ్ళే ఆమెను లేపి నిలబెట్టాయి. నీడ పాదాల మీద తన చిన్న బూట్లు పెట్టింది. మడమల్లోకి వెచ్చగా ఏదో ఎక్కింది. పట్టీలు మామూలు రేకులై మెరిశాయి.

బ్రెంట్ వచ్చి ఆనవాయితీ ప్రకారం నేల వైపు చూశాడు. ఎవరిది పోయిందని అడిగాడు. ఆంజనేయులు తనదేనన్నాడు. తిరిగి తీసుకోవచ్చు కదా అంటే, గ్లవ్ పడి పాడైపోయిందన్నాడు. సరోజన నోరు తెరిచింది. తన తప్పు, తన నీడ, దీపం కింద తను ఆడిన నాటకం, అన్నీ నాలుక చివర ఉన్నాయి. మాట రాలేదు. భయం అంత తేలిగ్గా వదలదు. చెయ్యి బయటపడినా గొంతు ఇంకా ఆ చుట్టలోనే ఉంది. బ్రెంట్ ఆంజనేయులు చెయ్యి పట్టుకుని ఊపి, బ్యాడ్జి తీసుకున్నాడు. ఆయన లాకర్‌లోంచి టీ కప్పు, స్వెటర్ తీసుకుని బయల్దేరాడు. ఏళ్ళ తరబడి ఏదో ఒకటి అంటూ గేటు దాటిన మనిషి ఆ రోజు ఎవరితోనూ ఏమీ అనలేదు. మంచు మీద ఎండలో ఆయన నడిచి వెళ్తుంటే అడుగుజాడలు తప్ప ఆయన వెనక ఏమీ లేదు. సరోజన షట్టర్ దగ్గర నిలబడి, ఆయన మలుపు తిరిగేదాకా చూసి ఏడ్చింది.

ఇప్పుడు ఆయన ఆదివారాలు వాళ్ళింటికి భోజనానికి వస్తాడు. పొద్దు పోవడం లేదని అనడు గానీ, పెట్టిన టైము కంటే బాగా ముందే వస్తాడు. శంకర్ ఇంట్లో ఉంటే లారీ బ్రేకుల గురించి ఇద్దరూ వాదించుకుంటారు. సరోజనకు పర్మనెంట్ అయ్యింది. బ్రెంట్ ఆమెను ఆంజనేయులు చోటులో వేశాడు, అట్టముక్కలు దోపే పని మాత్రం మాన్పించలేదు. వద్దని ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

ఆమెకు దొరికిన నీడ మామూలుదే, రెండు సంగతులు తప్ప. పట్టీల సందుల్లో పడిన సన్నటి వెలుతురు గీతలు అందులో అలాగే ఉండిపోయాయి. రెండోది, ఆ మొదటి సాయంత్రమే బస్టాపులో గమనించింది. తన చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి. ఎదురుగా మంచు మీద పడుకున్న టోపీ నీడ మాత్రం కుడిచెయ్యి పైకెత్తి ఉంది. చెయ్యి తీసి దించి చూసింది, విదిల్చి చూసింది. అది దిగలేదు. అంత దూరాన మలుపు తిరుగుతున్న బస్సు ఆ చెయ్యి చూసి అక్కడే ఆగింది.

లైను దగ్గర సరోజనకు భయం పోలేదు, పోతుందని ఆమె అనుకోవడమూ లేదు. కానీ పట్టీ వదులై, మనసు పని మీదికి పోయి, తనకు తెలియకుండానే వేళ్ళు అంగుళం ముందుకు జరిగినప్పుడల్లా, వాటికంటే ముందు, నీడలో ఎత్తి ఉన్న ఆ పెద్దాయన చెయ్యి తెర మీద పడుతుంది. మెషిన్ ఆగుతుంది. ప్రొడక్షన్ పడిపోతోందని బ్రెంట్ గొణుగుతాడు. సరోజన వేళ్ళు వెనక్కి తీసుకుని, ఒకసారి చూసుకుని, మళ్ళీ లైను నడిపిస్తుంది.